టెక్సాస్‌లో పిస్టల్ క్యారీ: లైసెన్స్ నుంచి హోల్‌స్టర్ దాకా మీ రోజుకు ఏది సరిపోతుంది

సోనా మసూరి బ్యాగు, 20 పౌండ్లు. ఇండియన్ స్టోర్‌లో కింది అరలోంచి లాగుదామని వంగాను. టీషర్ట్ వెనక నుంచి పైకి లేచింది, కుడి నడుము వెనక పెట్టుకున్న పిస్టల్ పిడి బయటపడింది. నా వెనకే కార్ట్ తోసుకుంటూ వస్తున్న పెద్దావిడ అది చూసి ఆగిపోయారు. మనవడి చెయ్యి పట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా పక్క వరసలోకి వెళ్లిపోయారు. నా దగ్గర లైసెన్స్ ఉంది, చట్టప్రకారం నేను చేసిన తప్పేమీ లేదు. అయినా ఆవిడని భయపెట్టింది నేనే. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

క్యారీ, అంటే పిస్టల్‌ని ఒంటి మీద పెట్టుకుని తిరగడం, మొదలుపెట్టిన మూడో వారం అది. అంతకుముందు నెలల తరబడి ఏ పిస్టల్ మంచిది, దాన్ని పెట్టుకునే ఒర, అదే హోల్‌స్టర్, ఏది మంచిది అని వీడియోలు చూశాను, రివ్యూలు చదివాను. చూసుకోనిది ఒక్కటే, నా రోజు ఎలా గడుస్తుందో. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కడికి వెళ్తాను, ఎన్నిసార్లు వంగుతాను, ఎన్నిసార్లు నేల మీద కూర్చుంటాను, ఎన్నిచోట్ల గన్ తీసి పక్కన పెట్టాల్సి వస్తుంది అన్నది లెక్క వేసుకోలేదు.

మంచి హోల్‌స్టర్‌లో నడుముకు కదలకుండా ఉన్న పిస్టల్‌తో పెద్దగా ప్రమాదం లేదు. దాన్ని తీసేటప్పుడు, మళ్లీ పెట్టేటప్పుడు, కారులో వదిలి వెళ్లేటప్పుడే ప్రమాదం. కాబట్టి ఏ రెండింటి మధ్య ఎంచుకోవాల్సి వచ్చినా నేను అడిగే ప్రశ్న ఒకటే: రోజులో గన్‌ని తక్కువసార్లు ముట్టుకోవాల్సి వచ్చేది ఏది?

2023 మే 6న డాలస్ పక్కనే ఉన్న అలెన్‌లో, ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ తర్వాత నుంచి క్యారీ గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. రూల్స్ అన్నీ టెక్సాస్‌వి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్లకు వీటిలో చాలా పనికిరావు.

అన్నిటికంటే ముందు వీసా

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పదిహేనేళ్ల దాకా జైలు పడొచ్చు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. కానీ వాటిని నమ్ముకుని రోజూ క్యారీ చేద్దామనుకోవడం ఇక్కడి మీ జీవితాన్ని పణంగా పెట్టడమే. ఫ్రెండ్‌తో షూటింగ్ రేంజ్‌కి, అంటే గన్ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి, వెళ్లి సరదాగా నాలుగు రౌండ్లు (బుల్లెట్లు) కాల్చడం కూడా ఆ చట్టం కిందకి రావచ్చు. "అందరూ వెళ్తున్నారు కదా" అన్నది కోర్టులో నిలబడదు.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, టెక్సాస్‌లో క్యారీ లైసెన్స్ కూడా తీసుకోవచ్చు. కానీ సిటిజన్‌కి లేని టెన్షన్ ఒకటి వీళ్లకుంది. గన్ చట్టాల కింద శిక్ష పడితే డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు. మరిచిపోయి స్కూల్ బిల్డింగ్‌లోకి తీసుకెళ్తే సిటిజన్‌కి అది క్రిమినల్ కేసు. గ్రీన్ కార్డ్ వాళ్లకు దేశం వదిలిపోవాల్సిన పరిస్థితి. రోజూ స్కూలు చుట్టూ, ఫెడరల్ ఆఫీసుల చుట్టూ తిరిగే గ్రీన్ కార్డ్ వాళ్లకు నేను చెప్పేది, సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఇంట్లో సేఫ్‌తో సరిపెట్టుకోమనే.

ఇక మన ఇళ్లలో అందరి స్టేటస్ ఒకటి కాదు. నాకు సిటిజన్‌షిప్ ఉంది, మాతో ఉండి ఎంఎస్ చదువుతున్న మా పెదనాన్నగారి అబ్బాయిది ఎఫ్-1. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తారు. వాళ్ల చేతికి అందేలా గన్ ఉంటే అది వాళ్ల దగ్గర ఉన్నట్టే అని వాదించే వీలుంది. అందుకే మా ఇంట్లో సేఫ్ కోడ్ మా ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడికి చెప్పకపోవడం వాడి మీద నమ్మకం లేక కాదు, వాడి వీసా కోసం.

క్యారీనా, ఇంట్లో ఉంచడమా, అసలు వద్దా

ఇది తేలకుండా హోల్‌స్టర్ల గురించి మాట్లాడుకోవడం అనవసరం.

అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగల చేతిలో పోయేవాళ్లు కాదు. ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉన్నా, లేఆఫ్ అయి వీసా గడువు లెక్కపెట్టుకుంటూ రాత్రిళ్లు నిద్రపోని మనిషి ఉన్నా, ఆ ఇంట్లో గన్ వద్దు. ఉంటే కొన్నాళ్లు నమ్మకమైన, చట్టప్రకారం పెట్టుకునే అర్హత ఉన్న ఫ్రెండ్ సేఫ్‌లో పెట్టండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను, మొహం మీదే చెప్తాను.

అలాంటిదేమీ లేకపోతే ఒక కాగితం మీద మీ వారం రాసుకోండి. నాది ఇలా తేలింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు. లోపలికి గన్ తేకూడదని కంపెనీ పాలసీ. టెక్సాస్ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, పార్కింగ్‌లో తాళం వేసిన కారులో పెట్టుకుంటే కంపెనీ కాదనలేదు. అంటే పొద్దున పార్కింగ్‌లో తీసి పెట్టాలి, సాయంత్రం మళ్లీ పెట్టుకోవాలి. వారానికి పదిసార్లు. మధ్యలో తొమ్మిది గంటలు గన్ కారులో. అది చూశాక ఆఫీసు రోజుల్లో క్యారీ మానేశాను. శని, ఆదివారాలు, రాత్రిపూట దూర ప్రయాణాలు, అంతే.

మా బాబాయి సంగతి వేరు. ఆయనకు గ్యాస్ స్టేషన్ ఉంది. పొద్దున షాపు తీస్తే రాత్రి కట్టేదాకా అక్కడే. మధ్యలో డబ్బు డిపాజిట్ చేయడానికి బ్యాంకుకి వెళ్లాలి. ఇంట్లో పెట్టుకున్నది ఇంటికొచ్చాకే తీస్తారు. క్యారీ సరిగ్గా సరిపోయేది అలాంటి రోజుకి. "నీకు భయం వేసి పెట్టుకున్నావా, పని పడి పెట్టుకున్నావా?" అని ఒకసారి నన్ను అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

పిల్లల్ని దింపి, లైబ్రరీకి, స్విమ్మింగ్ క్లాసుకి, మళ్లీ స్కూల్ ఫంక్షన్‌కి తిరిగే తల్లికి క్యారీ దాదాపు రోజంతా తీసిపెట్టడమే. వాళ్లకు పెప్పర్ స్ప్రే, ఇంట్లో బెడ్ పక్కన సేఫ్ నా ఓటు. టెక్సాస్‌లో సొంత రక్షణకి చిన్న పెప్పర్ స్ప్రే దగ్గర పెట్టుకోవడం చట్టబద్ధమే.

లైసెన్స్ అక్కర్లేదుగా, ఎందుకు తీసుకోవాలి?

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, చట్టపరంగా అడ్డంకులు లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ క్యారీ చేయొచ్చు. అయినా నా సలహా, లైసెన్స్ తీసుకోండి. దీన్ని ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) అంటారు. ఫీజు 40 డాలర్లు. క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. షూటింగ్ పరీక్ష మాత్రం రేంజ్‌లోనే. మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10, మొత్తం 50 రౌండ్లు. 250 పాయింట్లకు 175 రావాలి. రేంజ్‌లో ఒకటి రెండుసార్లు శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లకు కష్టం కాదు.

లైసెన్స్ వల్ల లాభాల్లో అన్నిటికంటే పెద్దది స్కూల్ జోన్. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు రోడ్డు మీద గన్‌తో ఉండటం ఫెడరల్ నేరం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇంటి నుంచి బయల్దేరి ఒక్క స్కూలు కూడా దాటకుండా ఎక్కడికైనా వెళ్లగలరా? లైసెన్స్ లేకుండా క్యారీ చేసేవాళ్లు, తెలిసో తెలియకో, రోజుకి నాలుగుసార్లు ఆ గీత దాటుతున్నట్టే. ఇక ఓక్లహోమా, లూసియానా లాంటి పక్క రాష్ట్రాలు ఎల్‌టీసీని గుర్తిస్తాయి, షాపులో గన్ కొనేటప్పుడు పని త్వరగా తెములుతుంది.

షాపుల, ఆఫీసుల గుమ్మాల దగ్గర పెట్టే బోర్డులు కూడా లైసెన్స్‌ని బట్టి మారతాయి. వాటి మీది నంబర్లు టెక్సాస్ చట్టంలోని సెక్షన్లు. 30.05 అని ఉంటే లైసెన్స్ లేనివాళ్లు గన్‌తో రాకూడదు. 30.06 లైసెన్స్ ఉన్నా దాచి తేకూడదని, 30.07 బయటికి కనబడేలా తేకూడదని. 30.06 బోర్డు ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, అంగుళానికి తగ్గని అక్షరాలతో ఉంటుంది. బార్ల దగ్గర ఎర్రగా 51% అని కనిపిస్తే లైసెన్స్ ఉన్నా అటు వెళ్లొద్దు. స్కూళ్లు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దాటిన చోటు, మ్యాచ్‌లు జరిగే స్టేడియాలు, వీటికి బోర్డు కోసం చూడనక్కర్లేదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ లాంటి పనుల మీద ఫెడరల్ బిల్డింగ్‌కి వెళ్లే రోజు గన్ ఇంట్లోనే వదిలేయండి.

గుళ్ల విషయం ఒక్కో గుడికి ఒక్కోలా ఉంటుంది. 30.06 బోర్డు లేకపోతే చట్టం అడ్డు చెప్పదు. నేను మాత్రం గుడికి తీసుకెళ్లను.

ఒంటి మీద ఎక్కడ

బొడ్డుని గడియారంలో 12 అనుకోండి, కుడి తుంటి 3. కుడిచేతివాటం వాళ్లకు ఎక్కువగా చెప్పే చోట్లు రెండు. 4 గంటల దగ్గర, అంటే కుడి నడుము వెనక. లేదా 1 గంట దగ్గర, పొత్తికడుపు మీద, దీన్నే అపెండిక్స్ అంటారు.

నేను మొదలుపెట్టింది 4 గంటల దగ్గర. నిలబడినా నడిచినా హాయిగా ఉంటుంది, పొట్టకు అడ్డం రాదు. కానీ వంగితే షర్ట్ లాగేసి పిడి ఆకారం తెలుస్తుంది, ఇక్కడివాళ్లు ప్రింటింగ్ అంటారు దాన్ని. డాలస్‌లో జూలై, ఆగస్టు నెలల్లో ఎండ 38 డిగ్రీలు దాటుతుంటే పల్చటి టీషర్ట్ కింద దాన్ని దాచడం ఇంకా కష్టం. కారెక్కితే మరో బాధ. ఇక్కడి కార్లలో డ్రైవర్‌కి సీట్‌బెల్ట్ బకిల్ కుడి తుంటి దగ్గరే. ప్రతిసారీ బెల్ట్ పెట్టుకునేటప్పుడు పిస్టల్ దగ్గర తడుముకోవాలి. ఇంకో సంగతి, మన ఫంక్షన్లలో అందరూ కావలించుకుంటారు. వాళ్ల చెయ్యి సరిగ్గా అక్కడికే వస్తుంది.

అపెండిక్స్‌లో ఈ మూడు బాధలూ తగ్గుతాయి. ముందువైపు ఉంటుంది కాబట్టి కళ్లెదురుగా, చేతుల కింద ఉంటుంది. వెనకనుంచి ఎవరి చెయ్యీ తగలదు. కానీ గొట్టం మన తొడ నరాల వైపే చూస్తుంటుంది. తొందరపాటుగా హోల్‌స్టర్‌లో పెట్టే మనిషి అక్కడ పెట్టుకోకూడదు. పొట్ట బాగా ఉన్నవాళ్లకు కూర్చుంటే గుచ్చుకుంటుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని సత్యనారాయణ వ్రతం పూర్తయ్యేదాకా కూర్చోవడం ఎవరివల్లా కాదు. సాష్టాంగ నమస్కారం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒంటి బరువంతా పిస్టల్ మీదే పడుతుంది. వ్రతాలకూ గృహప్రవేశాలకూ గన్ ఎందుకు అంటే, నా జవాబు కూడా అదే, ఎందుకు?

చివరికి నాకు కుదిరింది అపెండిక్సే. ఆరు నెలలు 4 గంటల దగ్గర పెట్టుకుని, తర్వాత మార్చాను. మారినప్పుడు రెండు వారాలు ఖాళీ పిస్టల్‌తో ఇంట్లోనే తిరిగాను. చెయ్యి ఇంకా పాత చోటికే వెళ్లేది.

జేబులో పెట్టుకోవడం చిన్న గన్‌కే కుదురుతుంది, అదీ పాకెట్ హోల్‌స్టర్ ఉంటేనే. ఆ జేబులో తాళంచెవి కాదు కదా రూపాయి బిళ్ల కూడా ఉండకూడదు. కుర్తా జేబు పనికిరాదు, బరువుకి ఊగుతుంది. కారులో కూర్చుంటే జేబులోంచి తీయడం దాదాపు అసాధ్యం. చీలమండ దగ్గర పెట్టుకోవడం రోజువారీకి నాకు నచ్చదు. తీయాలంటే వంగాలి, పరుగెత్తితే కదులుతుంది.

హ్యాండ్‌బ్యాగ్ గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్లకు షాపుల్లో ముందు చూపించేది అదే. 2014 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊళ్లో ఒక తల్లి షాపింగ్‌కి వెళ్లింది. బ్యాగ్ షాపింగ్ కార్ట్‌లో ఉంది, రెండేళ్ల కొడుకూ కార్ట్‌లోనే ఉన్నాడు. గన్ కోసమే ప్రత్యేకంగా కుట్టిన బ్యాగ్ అది. పిల్లాడు జిప్ తీసి గన్ బయటికి లాగాడు, అది పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడ గన్‌ల గురించి తెలియని మనిషి కాదు, లైసెన్స్ ఉన్న మనిషే. బ్యాగ్ రోజుకి ఎన్నిసార్లు భుజం మీంచి దిగుతుందో లెక్కపెట్టండి. సోఫా మీద, కుర్చీ వెనక, కారు వెనక సీట్లో, పిల్లల చేతికి అందే చోట. ఇంట్లో చిన్నపిల్లలుంటే బ్యాగ్ క్యారీ వద్దేవద్దు.

మరి చీర కట్టుకున్న రోజు? మా ఆవిడ చాలా ప్రయత్నించింది. చీరకి బెల్ట్ ఉండదు. బెల్లీ బ్యాండ్, అంటే గన్ పెట్టుకోవడానికి పొట్ట చుట్టూ చుట్టుకునే వెడల్పాటి పట్టీ, కట్టుకుంటే కుచ్చిళ్ల కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది, అవసరమైనా అందదు. చివరికి తనే తేల్చేసింది, చీర రోజు క్యారీ లేదు. జీన్స్ మీద వదులు టాప్ అయితే మగవాళ్లలాగే. సల్వార్ మీద అయితే, ట్రిగ్గర్‌ని గట్టి ప్లాస్టిక్ కప్పి ఉంచే బెల్లీ బ్యాండ్ ఒక్కటే దారి. మెత్తటి గుడ్డ జేబు మాత్రమే ఉన్న బ్యాండ్లు కొనకండి.

ఏ గన్

మూడు రకాల మీద మాట్లాడతాను. గ్లాక్ 19: ఖాళీగా 670 గ్రాముల దాకా, 15 రౌండ్లు, నిండా లోడ్ చేస్తే దాదాపు 850 గ్రాములు. 2018లో వచ్చిన సిగ్ పీ365: 500 గ్రాములు, 10 రౌండ్లు. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్: 400 గ్రాముల పైచిలుకు, 5 రౌండ్లు.

కాల్చడానికి గ్లాక్ 19 సుఖం. రోజంతా మోయడానికి కాదు. మొదటిది అదే కొన్నాను, మధ్యాహ్నానికి నడుము పట్టేసేది, ఇంట్లో వదిలేసి వెళ్లేవాణ్ణి. పీ365 సైజువి మోయడానికి బాగుంటాయి, కాల్చినప్పుడు చేతికి దెబ్బ కాస్త ఎక్కువ, ప్రాక్టీస్ ఎక్కువ కావాలి. మామూలు మనిషికి, మామూలు రోజుకి నేను చెప్పేది ఆ సైజే.

"రివాల్వర్ సింపుల్, అమ్మకి అదే మంచిది" అంటారు. ఒప్పుకోను. ట్రిగ్గర్ లాగడానికి పది పౌండ్ల పైన బలం కావాలి, వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు కష్టం. పైగా తేలిగ్గా ఉండే గన్ గట్టిగా తంతుంది. జేబులో పెట్టుకోవడానికి మాత్రం దానికి సాటి లేదు, ఆ బరువు ట్రిగ్గరే అక్కడ రక్షణ.

కొనే ముందు రేంజ్‌లో మూడూ అద్దెకి తీసుకుని తలా 50 రౌండ్లు కాల్చండి. షాపు కౌంటర్‌లో చేతిలో పట్టుకుంటే అన్నీ బాగానే ఉంటాయి.

హోల్‌స్టర్, బెల్ట్

ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. ట్రిగ్గర్ మొత్తం మూసుకోవాలి. మూసిన భాగం వేలితో నొక్కితే లొంగకూడదు. గన్ తీశాక కూడా హోల్‌స్టర్ నోరు తెరుచుకునే ఉండాలి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి ఈ మూడింటికీ సరిపోతాయి. తోలు ఒంటికి మెత్తగా, హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి అంచు లోపలికి ముడుచుకుంటుంది, ఆ ముడత ట్రిగ్గర్‌ని నొక్కవచ్చు. మన చెమటకి అది ఇంకా త్వరగా జరుగుతుంది. తోలుదే కావాలంటే నోటి దగ్గర గట్టి పట్టీ ఉన్నది తీసుకుని, ఏడాదికోసారి చూసుకుని మార్చేయండి. "అన్ని గన్‌లకూ సరిపోతుంది" అని అమ్మే నైలాన్ సంచులు ఏ గన్‌కీ సరిపోవు.

పైజమా బొందు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఒక దీపావళి రాత్రి కుర్తా పైజమా మీద ఉండి, ఖాళీ పిస్టల్‌తో హోల్‌స్టర్‌లో పెట్టడం ప్రాక్టీస్ చేస్తున్నాను. పిస్టల్ సగం దిగి ఆగింది. కిందికి చూస్తే బొందు చివర ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరి ఉంది. ఇంకాస్త నొక్కి ఉంటే ట్రిగ్గర్ టక్కుమనేది. లోడ్ చేసి ఉంటే? ఆ రోజు నుంచి గన్‌ని విడిగా హోల్‌స్టర్‌లో పెట్టడం మానేశాను. మంచం మీద, ఎవరూ లేని గోడ వైపు చూపిస్తూ, ముందు గన్‌ని హోల్‌స్టర్‌లో పెడతాను. తర్వాత రెండూ కలిపి ఒకే ముక్కలా నడుముకు క్లిప్ చేస్తాను. తీసేటప్పుడూ రెండూ కలిపే. హోల్‌స్టర్ కొనేటప్పుడు ఇలా సులువుగా వచ్చే క్లిప్ ఉందో లేదో చూడండి.

బెల్ట్ మాత్రం గట్టిదే కావాలి. ఆఫీసు బెల్ట్‌తో ఏ హోల్‌స్టరూ నిలబడదు, గంటకోసారి ప్యాంటు పైకి లాక్కోవాల్సి వస్తుంది. అందరూ గమనించేది అలా లాక్కోవడాన్నే.

కారు, ఇల్లు

కారులో వదలక తప్పకపోతే గ్లవ్ బాక్స్ వద్దు, సీటు కింద వద్దు. ఉక్కు కేబుల్‌తో సీటు పట్టాలకు కట్టే చిన్న లాక్ బాక్స్ కొనండి. ఇంట్లో గ్యారేజ్‌లోనే అందులో పెట్టి బయల్దేరండి, పార్కింగ్ లాట్‌లో నలుగురి ముందు తీయొద్దు. చూసేవాళ్లలో దొంగ కూడా ఉండొచ్చు. రాత్రి కారులో ఉంచకండి.

ఇంట్లో, మన అజాగ్రత్త వల్ల 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందితే అది టెక్సాస్‌లో నేరమే. అల్మరాలో చీరల కింద, పైన అటక మీద, ఇవన్నీ పిల్లలకు తెలిసిన చోట్లే. వేలిముద్రతోనో నాలుగు నంబర్లతోనో తెరుచుకునే బెడ్ పక్కన సేఫ్ తీసుకోండి. నాకు నంబర్లదే ఇష్టం. గోరింటాకు, తడి, చెమట ఉన్నప్పుడు వేలిముద్ర మొరాయించడం చూశాను.

మొదటి నెల

మొదటి రెండు వారాలు బయటికి తీసుకెళ్లకండి. ఖాళీ గన్ పెట్టుకుని ఇంట్లో వంట చేయండి, బట్టలు మడవండి, పిల్లాడిని ఎత్తుకోండి, కారు ఎక్కి దిగండి. అప్పుడే ఏది గుచ్చుకుంటుందో, ఏ షర్ట్ పొట్టిదో తెలుస్తుంది. నా బట్టల్లో సగం అప్పుడే పక్కన పడ్డాయి.

బయటికి వెళ్లాక అందరూ మననే చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఎవరూ చూడరు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. పట్టిచ్చేది మన చెయ్యే, ఉందా లేదా అని మాటిమాటికీ నడుము దగ్గరికి వెళ్తుంది. ఆ అలవాటు పోవడానికి నాకు నెల పట్టింది.

పబ్లిక్ టాయిలెట్‌లో గన్‌ని హోల్‌స్టర్‌లోంచి తీయొద్దు. కొక్కానికి తగిలించడం, పేపర్ డబ్బా మీద పెట్టడం అసలు వద్దు, మరిచిపోయి వచ్చేస్తారు. ప్యాంటుతో పాటే మోకాళ్ల దగ్గర బెల్ట్ బిగించి ఉంచుకోండి.

పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద, లోపల లైటు వేసి ఉంచండి. గుర్తింపు అడిగితే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్‌టీసీ కూడా చూపించాలి. "నా దగ్గర పిస్టల్ ఉంది, కుడివైపు నడుము దగ్గర" అని నెమ్మదిగా చెప్పండి. చెయ్యి మాత్రం అటు కదపకండి.

ఒక గ్లాసు వైన్ తాగే పార్టీ అయినా ఆ రాత్రి గన్ ఇంట్లోనే. అన్నిటికంటే నన్ను మార్చింది మాత్రం రోడ్డు. ఎవరో అడ్డంగా దూసుకొచ్చి వేలు చూపిస్తే ఇదివరకు నేనూ హారన్ కొట్టేవాణ్ణి, అద్దం దించి నాలుగు మాటలు అనేవాణ్ణి. నడుముకు పిస్టల్ ఉన్నవాడికి ఆ హక్కు లేదు. గొడవ ఎక్కడికి వెళ్తుందో తెలియదు, వెళ్లాక వెనక్కి తేలేం. దారి ఇచ్చేస్తాను. ఒక్కోసారి పక్కకి ఆపి వాళ్లు వెళ్లిపోయాక బయల్దేరతాను.

ఇండియా వెళ్లేటప్పుడు

2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దగ్గర పట్టుబడ్డ గన్‌లు 6,737. వాటిలో 93 శాతం లోడ్ చేసినవే. దాదాపు అందరూ చెప్పేది "మరిచిపోయాను" అనే. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చూసే టీఎస్‌ఏ వేసే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది.

మనకి దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఇండియాలో లైసెన్స్ లేకుండా ఒక్క బుల్లెట్ దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసే. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్ అడుగున, కుట్టు మడతలో, ఒక 9 ఎంఎం రౌండ్ మిగిలిపోతుంది. ఆరు నెలల తర్వాత అదే బ్యాగ్‌తో హైదరాబాద్ ప్రయాణం. స్కానర్‌లో అది కనబడుతుంది. చెల్లెలి పెళ్లికని వెళ్లిన మనిషి పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటాడు, తర్వాత కోర్టు వాయిదాలు.

రేంజ్ సామాను మొత్తానికి మాకు ఒకటే బ్యాగ్, నల్లది. పిడికి ఎర్ర టేపు చుట్టి గ్యారేజ్‌లో మేకుకి వేలాడుతుంటుంది. ఆ మేకు మీంచి అది దిగేది రేంజ్‌కే. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు సర్దే ముందు రోజు మా ఆవిడ ప్రతి బ్యాగూ తలకిందులు చేసి, జేబులన్నీ బయటికి లాగి, నేల మీద దులుపుతుంది. పోయిన సారి ఒక హెయిర్ క్లిప్పు, రెండు చాక్లెట్ కాగితాలు పడ్డాయి.